తుఫానుకు పేరు పెట్టిన నావికుడు హెన్రీ పిడింగ్టన్

జీవితచరిత్రలు వ్రాయదలచినవారు రాజులనో, కవులనో, దేశభక్తులనో ఎన్నుకోవడం పరిపాటి. ఈ వార్షిక సంచికకై మేము ఎన్నుకొన్న వ్యక్తి ఈ మూడు కోవలలో దేనికీ చెందడు. ఆయన ఓడలు నడిపి జీవించినవాడు. నడివయస్సులో సముద్రాన్ని విడిచి కలకత్తాలో స్థిరపడి, తక్కిన జీవితమంతా ఇతరుల ఓడల దినచర్య పుస్తకాలు చదువుతూ గడిపినవాడు. హెన్రీ పిడింగ్టన్ అన్న పేరు నేడు శాస్త్రగ్రంథాలలో తప్ప కనిపించదు. కాని ఆయన సృష్టించిన ‘సైక్లోన్’ అన్న మాటను ఏటేటా కార్తీకమాసంలో రేడియోలు, పత్రికలు కోట్లమందికి వినిపిస్తూనే ఉన్నాయి.

సముద్రానికి సుమారు నూరు మైళ్ళ దూరాన, సాగర్ ఎడమ కాలువ క్రింద వరి పండించుకొనే నిడమనూరు విద్యార్థులకు ఈ కథతో ఏమి పని అని ఎవరైనా ప్రశ్నించవచ్చును. మన పొలాలను తడిపే కృష్ణ మన దగ్గర ఆగిపోదు. ప్రకాశం బ్యారేజీ దాటి, పాయలుగా చీలి, దివిసీమను చుట్టి హంసలదీవి వద్ద సముద్రంలో కలుస్తుంది. 1977 నవంబరు 19న ఆ దివిసీమ మీదనే ఉప్పెన విరుచుకుపడింది. మనకు అన్నం పెట్టే నదియే చివరకు చేరే చోట ఏమి జరిగినదీ మనకు పరాయి సంగతి అని అనుకోలేము.

తెలుగు పాఠం చెప్పుకొనే మాకు ఈ విషయంలో ఆసక్తి కలగడానికి మాటలే మొదటి కారణం. ‘తుఫాను’ అరబ్బీ నుంచి ఫారసీ, ఉర్దూల మీదుగా తెలుగు ఇంటికి వచ్చి, ఇంటి ఆడపడుచులా కలిసిపోయిన పదం. మన కళాశాలలో ఉర్దూ తరగతిలోనూ, తెలుగు తరగతిలోనూ ఒకే రూపంలో వినిపించే కొద్ది మాటలలో అది ఒకటి. ‘వాయుగుండం’ మనవారు కూర్చుకొన్న సమాసం; గాలి గుండ్రంగా సుడి తిరుగుతుందన్న శాస్త్రసత్యం ఆ పేరులోనే ఇమిడి ఉంది. ‘ఉప్పెన’ తీరాంధ్రులు అనుభవంతో పలికిన మాట. గాలి తోసుకొని వచ్చే సముద్రానికి అది పేరు. ‘సునామీ’ జపాను మాట. రేవు అల అని దాని అర్థం. భూకంపం వల్ల సముద్రగర్భం కదలినప్పుడు పుట్టే అల అది. గాలితో దానికి సంబంధం లేదు. పరీక్షలలో మన విద్యార్థులు ఉప్పెననూ సునామీనీ ఒకటిగా వ్రాయడం మేము తరచు చూస్తున్నాము. పుట్టుక వేరైనా తీరవాసికి రెండింటి నుండీ కలిగే ముప్పు ఒకటే, రక్షణోపాయమూ ఒకటే: నీరు రాకముందే తెలియాలి, తెలిసిన వెంటనే కదలాలి. ఈ ‘రాకముందే తెలియడం’ కోసమే పిడింగ్టన్ తన జీవితంలో ఉత్తమభాగాన్ని ధారపోశాడు.

ఆయన 1797లో ఇంగ్లండులోని ససెక్స్ మండలంలో జన్మించాడు. చిన్ననాటనే వర్తకనౌకలలో చేరి, తూర్పుదేశాలకూ చైనాకూ తిరిగే ఓడలకు నాయకత్వం వహించే స్థాయికి ఎదిగాడు. 1830 ప్రాంతంలో నావికవృత్తిని విడిచి కలకత్తాలో నిలిచిపోయాడు. అక్కడ ఆయన చేయని పని లేదు. భారతదేశపు మొక్కల పేర్లకు సూచిక కూర్చి 1832లో ప్రకటించాడు. మట్టినీ, ఖనిజాలనూ పరీక్షించాడు. ఆర్థిక భూగర్భశాస్త్ర ప్రదర్శనశాలకు పర్యవేక్షకుడయ్యాడు. నౌకాప్రమాదాలను విచారించే న్యాయస్థానానికి అధ్యక్షత వహించాడు. ఇన్ని కొలువులు ఒక్క మనిషికి ఎట్లా సాధ్యమయినవో అని మాకు ఆశ్చర్యం కలిగినా, ఆ కాలపు కలకత్తాలో ఇటువంటి బహువ్యాసంగులు అరుదు కాదు.

1838లో ఆయన జీవితం ఒక పుస్తకం వల్ల మలుపు తిరిగింది. విలియం రీడ్ అనే సైనిక ఇంజనీరు వెస్టిండీస్ దీవుల తుఫానులను పరిశీలించి, వాటి గాలులు ఒక కేంద్రం చుట్టూ తిరుగుతాయని నిరూపిస్తూ ఆ ఏట ఒక గ్రంథం వెలువరించాడు. అంతకుముందే అమెరికాలో రెడ్‌ఫీల్డ్ అనే ఆయన 1821 నాటి గాలివానలో కూలిన చెట్లు ఒకచోట ఒక దిక్కుకూ, మరొకచోట దానికి ఎదురు దిక్కుకూ పడి ఉండటం గమనించి ఇదే అభిప్రాయానికి వచ్చాడు. తుఫానంటే కేవలం విజృంభించిన గాలి కాదనీ, తనదైన ఆకారం, నడక గల ఒక మహాచక్రమనీ ఈ ఇద్దరూ లోకానికి తెలిపారు. బంగాళాఖాతంలో తుఫానుల దెబ్బలు తిన్న పిడింగ్టన్‌కు ఈ సిద్ధాంతం వెంటనే మనస్సుకు పట్టింది. మన సముద్రంలోనూ ఇది నిజమేనా అని తేల్చుకోవడానికి ఆయన ఉద్యమించాడు.

ఆయన పరిశోధనకు యంత్రాలు లేవు, ప్రయోగశాల లేదు. ఓడ నడిపే ప్రతి కప్తానూ ప్రతి పూటా గాలి ఏ దిక్కునుంచి వీస్తున్నదో, భారమితిలో పాదరసం ఎంత దిగిందో, ఓడ ఎక్కడ ఉన్నదో ఒక పుస్తకంలో వ్రాసుకొంటాడు. తుఫాను నుంచి బతికి బయటపడిన ఓడల నుంచి పిడింగ్టన్ ఆ పుస్తకాలను సేకరించాడు. ఒకే రోజున పది ఓడలు పది చోట్ల వ్రాసుకొన్న గాలులను ఒకే పటం మీద బాణాలుగా గీశాడు. బాణాలన్నీ కలిసి చక్రమయ్యాయి. చక్రం మధ్య కేంద్రం తేలింది. ఆ కేంద్రాన్ని రోజురోజుకూ కలుపుకొంటూ పోతే తుఫాను నడిచిన దారి కాగితం మీద ప్రత్యక్షమైంది. నేడు గణనయంత్రాలతో తుఫానుకు నమూనా కడుతున్నామని శాస్త్రజ్ఞులు అంటారు గదా, అది కాగితమూ కలమూ తప్ప మరేమీ లేని రోజులలో కట్టిన నమూనా. 1839 మొదలుకొని బంగాళపు ఆసియాటిక్ సొసైటీ పత్రికలో ఆయన ఇరవైకి పైగా పరిశోధనవ్యాసాలు ప్రకటించాడు.

వాటిలో రెండవది మన తెలుగుగడ్డను గురించినది. 1839 నవంబరులో కోరంగిని ధ్వంసం చేసిన తుఫానే దాని విషయం.

కోరంగిని గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పక తప్పదు. నేడు కాకినాడకు దక్షిణంగా మడ అడవుల నడుమ, పక్షులను చూడవచ్చే యాత్రికులకు మాత్రమే తెలిసిన ఆ చిన్న ఊరు ఒకప్పుడు గోదావరి ముఖాన ప్రసిద్ధమైన ఓడరేవు. ఓడలను కట్టడంలో, బాగుచేయడంలో పేరెన్నిక గన్నది. ఇక్కడి నుంచి రంగూనుకు ఎందరు తెలుగువారు వెళ్ళారంటే, బర్మాలో తెలుగువారందరికీ కోరంగీలనే పేరు స్థిరపడింది. అట్టి రేవుకు 1789 డిసెంబరులోనే ఒకసారి ప్రళయం వచ్చింది. పోటు నిండుగా ఉన్న సమయంలో, పెనుగాలి వీస్తుండగా, సముద్రం మీద మూడు మహాతరంగాలు ఒకదాని వెనుక ఒకటి రావడం జనం చూశారు. మొదటి దానితో ఊరిలోకి కొన్ని అడుగుల నీరు వచ్చింది. రెండవది పల్లపు భూములన్నింటినీ ముంచింది. మూడవది మిగిలిన సర్వాన్నీ కబళించింది. లంగరులు తెగిన ఓడలు యానాం ముందరకు కొట్టుకుపోయాయి. నీరు వెనుకకు తీసిన తరువాత ఇసుకా బురదా మేట వేసి శవాలను వెదకడానికి కూడా వీలు లేకపోయింది. పెద్ద ఓడలు రాకుండా రేవు ముఖం పూడిపోయింది. సుమారు ఇరవైవేల మంది మరణించినట్లు గ్రంథాలు చెబుతున్నాయి. తరువాత యాభై సంవత్సరాలలో కోరంగి మెల్లగా కోలుకొని తలెత్తుకొన్నది. 1839లో మళ్ళీ అదే గతి పట్టింది.

ఈ రెండవ తుఫానులో మూడు లక్షల మంది, ఇరవైవేల ఓడలు నాశనమయినట్లు అనేక పుస్తకాలలో ఒకరిని చూసి ఒకరు వ్రాస్తూ వచ్చారు. కోరంగి వంటి రేవులో ఇరవైవేల నౌకలు ఏ విధంగా ఇమిడినవో ఆ గ్రంథకర్తలు ఆలోచించినట్లు లేదు. ఆ లెక్క నమ్మదగినదిగా మాకు తోచదు. పెద్ద సంఖ్య వేస్తే తప్ప దుఃఖం పెద్దది కాదనుకోవడం చరిత్ర వ్రాసేవారికి తగదు. ఒక ఊరు రెండుసార్లు సముద్రం పాలయిందన్నది చాలదా?

పిడింగ్టన్ ఈ గాథలను శోకకావ్యాలుగా వ్రాయలేదు. తుఫాను ఎక్కడ పుట్టింది, ఏ దారిన వచ్చింది, అల ఎందుకు లేచింది అన్న ప్రశ్నలు వేసుకొన్నాడు. గాలివాన నడిమి భాగంలో వాయుభారం తగ్గుతుంది గనుక నీటిమట్టం కొంత పెరుగుతుంది. అంతకంటే ఎంతో హెచ్చుగా, గాలి నీటిని తోసుకొని తీరం వైపు పోగుచేస్తుంది. తీరం దగ్గర సముద్రం లోతు లేనిదైతే, ఆ నీటికి క్రిందికి మళ్ళే దారి ఉండదు. పైకి లేచి నేల మీద పడుతుంది. అప్పుడే పోటు సమయం కూడా తటస్థిస్తే చెప్పవలసిన పని లేదు. కోరంగి, బందరు, దివిసీమ, బంగాళపు సుందరవనాలు ఈ దుర్యోగం పూర్తిగా పట్టిన ప్రదేశాలు.

ఆయన పరిశీలించిన ఓడలలో ‘చార్లెస్ హెడిల్’ అనే చిన్న ఓడ కథ వింతైనది. 1845 ఫిబ్రవరిలో మారిషస్ సమీపంలో ఆ ఓడ తుఫానులో చిక్కుకొని, గాలి తోసినట్లు పోనిస్తూ, దాదాపు ఐదు రోజులు పరుగెత్తింది. నావికులు చాలా దూరం పోయామనే అనుకొన్నారు. పిడింగ్టన్ వారి పుస్తకంలోని లెక్కలను పటం మీద గీసి చూస్తే, గానుగెద్దు వలె ఆ ఓడ తుఫాను కేంద్రం చుట్టూ తిరిగి తిరిగి, బయలుదేరిన చోటికి సమీపంలోనే తేలింది. చక్రసిద్ధాంతానికి ఇంతకంటే సాక్ష్యం ఏమి కావాలి? ఇటువంటి ఆధారాలను ముందుంచుకొని, చుట్టచుట్టుకొన్న పామును సూచించే గ్రీకు మాటను ఆధారం చేసుకొని ‘సైక్లోన్’ అన్న పదాన్ని ఆయన కల్పించాడు. గాలి వేగమెంతో ఈ పేరు చెప్పదు, అది తిరిగే తీరును మాత్రమే చెబుతుంది. పేరు పెట్టడంలో ఆయన చూపిన ఈ నిగ్రహం మాకు మిక్కిలి నచ్చింది.

ఈ పదం 1848లో వెలువడిన ఆయన ప్రధాన గ్రంథం ద్వారా లోకమంతటా వ్యాపించింది. ఆంగ్లదేశంలో పూర్వం పిల్లల ఓనమాల పలకకు చినగకుండా పల్చని కొమ్ము రేకు తొడిగేవారు. ఆ బాలశిక్ష పేరునే పిడింగ్టన్ తన గ్రంథానికి పెట్టుకొన్నాడు. మన పెద్దబాలశిక్ష వంటిది నావికులకు ఒకటి వ్రాస్తున్నానన్నది ఆయన ఉద్దేశ్యం. పండితుల మెప్పు కోరక, గణితం తెలియని సరంగుకు కూడా బోధపడేటట్లు వ్రాశాడు. పుస్తకంతో పాటు నిజంగానే పారదర్శకమైన రెండు కొమ్ము రేకులు జతపరచాడు. భూమధ్యరేఖకు ఉత్తరాన తుఫానుగాలి అపసవ్యంగానూ, దక్షిణాన సవ్యంగానూ తిరుగుతుంది గనుక ఒక్కొక్క గోళార్ధానికి ఒక్కొక్క రేకు. దాని మీద చక్రాకారంగా గాలి బాణాలు గీసి ఉంటాయి. నావికుడు తన ఓడ ఉన్న చోట పటం మీద ఆ రేకును ఉంచి, తనకు తగులుతున్న గాలితో సరిపోయే బాణాన్ని ఓడ మీదికి జరిపితే చాలు. రేకు నడిబొడ్డు తుఫాను కేంద్రమున్న దిక్కును చూపుతుంది. మన బంగాళాఖాతంలో అయితే రేకు లేకపోయినా ఫరవాలేదు: గాలికి ఎదురుగా నిలబడితే కుడిచేతి వైపున కేంద్రం ఉంటుంది. ఈ ఒక్క సూత్రం తెలిసినందున ఎన్ని ఓడలు మృత్యుముఖం నుంచి తప్పించుకొన్నవో లెక్కించినవారు లేరు.

ఆయన సూత్రంలో లోపం లేకపోలేదు. తుఫాను గాలులు పరిపూర్ణ వృత్తాలుగా తిరగవు, లోపలికి ముడుచుకొంటూ పోతాయి. అందుచేత కేంద్రం సరిగ్గా కుడిచేతి దిక్కునే ఉంటుందని నమ్మిన ఓడలు కొన్ని ప్రమాదానికి గురయినాయి. మారిషస్‌లో మెల్డ్రమ్ అనే శాస్త్రజ్ఞుడు తరువాతి కాలంలో దీనిని సవరించాడు. పాము చుట్టను ఉపమానంగా ఎంచుకొన్న పిడింగ్టన్‌కు ఈ ముడుచుకొనే స్వభావం తెలియనిది కాదు. వాడుకకు సులభంగా ఉండేటందుకు వృత్తాన్నే బోధించాడు. సులభంగా చెప్పబోయి కొంత తప్పు చెప్పడం ఉపాధ్యాయులందరికీ ఉన్న జాడ్యమే, మేమూ అందుకు మినహాయింపు కాము.

ఆయన జీవితంలో అన్నింటికంటే గొప్ప ఘట్టం 1853లో జరిగింది. హుగ్లీ నది పూడిపోతున్నదనీ, కలకత్తాకు ప్రత్యామ్నాయంగా సుందరవనాలలో మాత్లా నది మీద కొత్త రేవు కట్టాలనీ ప్రభుత్వవర్గాలు తలపోస్తున్న రోజులవి. బంగాళీలో మాత్లా అంటే మదించినది, తూలిపోయేది అని అర్థం. ఆ నదికి ఆ పేరు పెట్టిన పల్లెవారు దాని గుణం ఎరిగినవారే. పిడింగ్టన్ సాక్షాత్తూ గవర్నర్ జనరల్ డల్హౌసీ ప్రభువుకు బహిరంగంగా ఒక లేఖ వ్రాశాడు. ఆ ప్రదేశంలో రేవు కడితే ఎప్పటికైనా ఒక తుఫాను తరంగం వచ్చి జనాన్నీ, కట్టడాలనూ తుడిచిపెడుతుందని హెచ్చరించాడు. అది జోస్యం కాదు. కోరంగి మొదలు పదిహేనేళ్ళుగా గీసిన పటాల నుంచి తేల్చిన లెక్క.

ప్రభుత్వం వినలేదు. ఓడలు నడుపుకొని వచ్చిన ఒక మాజీ కప్తాను మాటకు అంత పెద్ద కార్యాన్ని ఆపడం దొరలకు నామోషీ అనిపించి ఉండవచ్చును. తరువాతి గవర్నర్ జనరల్ పేరు మీద పోర్ట్ కానింగ్ వెలసింది. రైలుమార్గం వేశారు. ఒక కంపెనీ ఏర్పడి దాని వాటాల కోసం బొంబాయి, కలకత్తా నగరాలలో జనం ఎగబడ్డారు. ఇవేవీ చూడకుండానే పిడింగ్టన్ 1858 ఏప్రిల్‌లో కలకత్తాలో కన్నుమూశాడు.

1864 అక్టోబరు 5న కలకత్తాను ఘోరమైన తుఫాను తాకింది. నెల తిరగకముందే నవంబరు 1న మన బందరు మీద ఉప్పెన వచ్చి సుమారు ముప్పైవేల మందిని పొట్టన పెట్టుకొన్నది. సరిగ్గా మూడేళ్ళకు, 1867 నవంబరు 1న, పోర్ట్ కానింగ్ వంతు వచ్చింది. ఆ తరంగం ఆరడుగుల ప్రాంతమే. తుఫానుల లెక్కలో అది అంత పెద్దది కాదు. అయినా ఆ రేవును పాడుపెట్టడానికి అది సరిపోయింది. కొద్ది సంవత్సరాలలో ఆ రేవును విడిచిపెట్టారు. వాటాలు కొన్నవారు నష్టపోయారు, అక్కడ నివసించినవారు అంతకంటే ఎక్కువ పోగొట్టుకొన్నారు. ఆ హెచ్చరిక వ్రాసిన చేయి మట్టిలో కలిసి అప్పటికి తొమ్మిదేళ్ళు దాటింది.

ఈ దెబ్బలతో గాని ప్రభుత్వానికి కళ్ళు తెరిపిడి పడలేదు. 1865లో కలకత్తా రేవుకు తుఫాను హెచ్చరికలు పంపే ఏర్పాటు మొదలయింది. 1875లో భారత వాతావరణశాఖ ఏర్పడింది. పిడింగ్టన్ కాలంలో ఓడల పుస్తకాలు తుఫాను వెళ్ళిపోయిన నెలలకు గాని చేతికి అందేవి కావు. తంతి వచ్చిన తరువాత తుఫానుకంటే ముందే వార్త పరుగెత్తడం సాధ్యమయింది.

అయినా వార్త చేరడం వేరు, దానిని విని లేచి నడవడం వేరు. 1977లో దివిసీమకు తుఫాను సంగతి తెలియకపోలేదు, ఆకాశవాణి చెప్పనూ చెప్పింది. కాని ఉప్పెన ఐదు మీటర్ల ఎత్తున వచ్చి మీద పడుతుందని గుడిసెలలోని జాలరులకు, కూలీలకు అర్థమయ్యేటట్లు చెప్పినవారూ లేరు; చెప్పినా పోయి తలదాచుకొనేందుకు గట్టి కట్టడాలూ లేవు. ప్రభుత్వ లెక్క ప్రకారమే మృతులు సుమారు పదివేలు. తరువాత తీరం పొడుగునా తుఫాను ఆశ్రయభవనాలు కట్టారు. 1990 మేలో అంతటి తీవ్రమైన తుఫానే కృష్ణాముఖం దగ్గర తీరాన్ని తాకింది. ముందుగా జనాన్ని పెద్ద ఎత్తున తరలించడం చేత మృతుల సంఖ్య వేయికి లోపు. ఆ వేయి కూడా తక్కువ కాదు; కాని ఈ రెండు అంకెల మధ్యనున్న తేడాయే పిడింగ్టన్ కోరినది.

సునామీ విషయంలో ఈ పాఠాన్ని మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చింది. 2004 డిసెంబరు 26న సుమత్రా వద్ద భూమి కంపించినది మన కాలమానంలో ఉదయం ఆరున్నర గంటలకు. అలలు మన తూర్పుతీరాన్ని చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. ఆ రెండు గంటలూ వృథా అయినాయి; హిందూమహాసముద్రానికి హెచ్చరిక కేంద్రమే లేదు. ఒక్క ఆంధ్రతీరంలోనే నూరుమందికి పైగా మరణించారు. ఆ తరువాత హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవాకేంద్రంలో సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పడి 2007 అక్టోబరు 15 నుంచి పనిచేస్తున్నది. సముద్రం లేని హైదరాబాదులో సముద్రాన్ని కాపలా కాయడం చూడటానికి విడ్డూరంగా ఉన్నా, పిడింగ్టన్ కూడా తన తుఫానులను కలకత్తాలోని బల్ల మీదనే గదా పట్టుకొన్నాడు.

అక్కడ జరిగే పని మూలంలో ఆయన పనియే. సునామీ వేగం నీటి లోతును బట్టి ఉంటుంది. నాలుగువేల మీటర్ల లోతున అది గంటకు ఏడువందల కిలోమీటర్ల వేగంతో పోతుంది. తీరం దగ్గర లోతు తగ్గేకొద్దీ వేగం తగ్గి ఎత్తు పెరుగుతుంది. అందుచేత సముద్రం అడుగు పటం చేతనుంటే, ఎక్కడ కంపిస్తే ఏ తీరానికి ఎంతసేపట్లో ఎంత నీరు వస్తుందో ముందే లెక్కకట్టవచ్చును. అట్లా వేలకొద్దీ ఊహా భూకంపాలకు లెక్కలు కట్టి భద్రపరచారు. నిజంగా భూమి కంపించినప్పుడు సరిపోయే లెక్కను కొద్ది నిమిషాలలో బయటికి తీస్తారు. సముద్రగర్భాన ఉంచిన పీడనమాపకాలూ, రేవులలోని పోటుమాపకాలూ అల నిజంగా పుట్టినదా లేదా అన్నది చెబుతాయి. కొమ్ము రేకును పటం మీద ఉంచి సరిపోయే బాణాన్ని వెదకడం విద్యార్థులకు గుర్తుండే ఉంటుంది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా వద్ద 8.6 పరిమాణం గల మహాభూకంపం సంభవించినప్పుడు, భూమి పక్కకు జరిగిందే గాని నీటిని పైకి ఎత్తలేదని తేలడంతో మన తీరప్రజలను అనవసరంగా పరుగులు పెట్టించకుండా ఆ కేంద్రం నిబ్బరం చూపింది. లేని ప్రమాదానికి కేక వేయకుండటం కూడా హెచ్చరికలో భాగమే. నాన్నా పులి కథ తెలిసిన మనకు దీనిని వివరించనక్కరలేదు.

ఒడిశా తీరంలో నోలియాసాహి అనే పల్లె ఉంది. అక్కడ నోలియాలంటే తెలుగు మూలాలు గల జాలరులు. 2020లో ఆ పల్లెకూ, గంజాం జిల్లాలోని వెంకట్రాయిపూర్‌కూ సునామీకి సిద్ధంగా ఉన్న గ్రామాలన్న గుర్తింపును యునెస్కో ఇచ్చింది. ఏ దారిన పరుగెత్తాలో చూపే పలకలు పాతడం, పటాలు గీయడం, ఉత్తుత్తి హెచ్చరిక ఇచ్చి జనాన్ని నడిపించి చూడటం ఆ గుర్తింపుకు అవసరమైన పనులలో కొన్ని. కోరంగి సంతతికి దూరపు బంధువులైన ఆ జాలరులకు పిడింగ్టన్ పేరు తెలిసి ఉంటుందని మేము అనుకోము.

ఇక కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. హైదరాబాదు విహారయాత్ర అనగానే చార్మినారు, సాలార్‌జంగ్ ప్రదర్శనశాల, గోలకొండ అని జాబితా వ్రాసుకోవడం మనకు అలవాటు. ఈసారి ప్రగతినగర్‌లోని ఆ హెచ్చరిక కేంద్రానికి ముందుగా ఉత్తరం వ్రాసి, అనుమతి తీసుకొని, ఒక పూట దానికి కేటాయించవలసిందిగా కోరుతున్నాము. ఉర్దూ విభాగం వారు కూడా మాతో వస్తామన్నారు.